అక్క వచ్చిన దారి

ప్రశ్న: అమ్మా, నాకు 39 ఏళ్లు. గుంటూరులో ఉంటాను, బడిలో లెక్కలు చెబుతాను. కిందటి ఏడాది దసరా వెళ్లిన వారానికి ఆ జబ్బుతో మా అక్క చనిపోయింది. ఆ జబ్బు బయటపడేటప్పటికి ఆమెకు 46. అక్కడ గడ్డ చేతికి తగిలాక ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదు కదా అనుకుంది. కూతురి ఇంటర్ పరీక్షలు అయ్యాక చూద్దామనుకుంది. అక్కడ చూపించుకోవడానికి మగ డాక్టరు దగ్గరికి ఎలా వెళ్లాలని సిగ్గుపడింది. పేరేచర్ల అవతల మా ఊరు. అక్కడి నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి 22 కిలోమీటర్లు. కరెంటు (రేడియేషన్ చికిత్స) పెట్టించుకోవడానికి ఐదు వారాల పాటు ఆ దారిలోనే బస్సులో వచ్చి వెళ్లింది. బావగారు పొలం పని మానుకుని తోడు వచ్చేవారు.

వచ్చే జనవరిలో ముంబై మారథాన్‌లో 42 కిలోమీటర్లు పరుగెత్తి, ఐదు లక్షలు పోగుచేసి, ఆ జబ్బు మీద పనిచేసే సంస్థకు ఇవ్వాలని ఉంది. రోజూ ఎన్టీఆర్ స్టేడియంలో నలభై నిమిషాలు నడుస్తాను కానీ పరుగు అలవాటు లేదు. ఈ వయసులో రోడ్డు మీద పరుగులేమిటని అత్తగారు అంటున్నారు. ఆ ప్రయాణం ఖర్చేదో నేరుగా ఇచ్చేయవచ్చు కదా అని తోటి టీచర్లు అంటున్నారు. డబ్బు అడగాలంటే నాకు నోరు రావడం లేదు. అమెరికాలో ఉన్న మా పెదనాన్న పిల్లలు మాత్రం పెద్ద మొత్తమే పంపుతామన్నారు. అక్క ఫొటో ఎక్కడా పెట్టవద్దని, కూతురికి సంబంధాలు చూడాల్సి ఉందని బావగారు అంటున్నారు. ఆ జబ్బు పేరు చెప్పి ఇంతమందిని కదిలించడం సరైనదేనా?
– ఒక చెల్లెలు, గుంటూరు

సమాధానం: తల్లీ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ‘ఆ జబ్బు’ అని నాలుగుచోట్ల రాశారు. ‘అక్కడ గడ్డ’, ‘అక్కడ చూపించుకోవడానికి’ అని రాశారు. ఆ పేరు చెప్పి అందరినీ కదిలించడం సరైనదేనా అని అడిగారు, కానీ ఆ పేరు మాత్రం ఉత్తరం మొత్తంలో ఎక్కడా లేదు. మీ తప్పేమీ లేదు. మన ఇళ్లలో ఆ మాటను అలాగే మింగుతాం. మీ అక్క కూడా ఎనిమిది నెలలు అలాగే మింగింది.

దాని పేరు రొమ్ము క్యాన్సర్. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం దానిదే. 2022లో ఒక్క ఏడాదిలోనే దాదాపు 1,92,000 మందికి కొత్తగా వచ్చిందని, 98,000 మందికి పైగా చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఇద్దరికి వస్తే ఒకరు పోతున్న లెక్క ఇది. చాలామంది గడ్డ ముదిరాక ఆసుపత్రికి రావడం ఇందుకు పెద్ద కారణం. వైద్యం లేక పోయినవాళ్లకు తోడు, సిగ్గుతోనో, పరీక్షలు అయ్యాక చూద్దామనో, నొప్పి లేదు కదా అనో ఆగిపోయినవాళ్లు ఆ లెక్కలో ఎంతమంది ఉన్నారో! అందుకే పరుగు గురించి, డబ్బు గురించి మీరు అడిగిన వాటికన్నిటికీ జవాబు చెబుతాను కానీ, ఒక్కటి ముందే చెబుతున్నాను. ఈ పని మీరు చేయాలి. చేస్తే ఆ పేరు పైకి అంటూ చేయాలి.

అంతకంటే ముందు మరొక మాట. మీ ఉత్తరంలో అక్క ఉంది, బావగారు, అత్తగారు, తోటి టీచర్లు, అమెరికా అన్నలు అందరూ ఉన్నారు. మీ ఒంటి సంగతి ఒక్క ముక్క లేదు. తోడబుట్టిన అక్కకు 46 ఏళ్లకే వచ్చిందంటే మీకు ఆ ముప్పు మిగతావాళ్ల కంటే ఎక్కువ. రక్తసంబంధంలో దగ్గరివాళ్లకు ఏ వయసులో వచ్చిందో, దానికి పదేళ్ల ముందు నుంచే పరీక్షలు మొదలుపెట్టడం మంచిదని వైద్యులు సాధారణంగా చెబుతారు. మీరు లెక్కల టీచరు. 46లో నుంచి 10 తీసేయండి. మీకు 39. మూడేళ్లు ఆలస్యం అయింది.

ఈ వారంలోనే ఒక సర్జన్‌కు గానీ, క్యాన్సర్ వైద్యులకు గానీ చూపించుకోండి. మహిళా డాక్టరు కావాలని అడగండి, అడగడంలో తప్పు లేదు. అక్క వయసు, జబ్బు ఏ దశలో తెలిసిందీ, అమ్మ వైపు, నాన్న వైపు ఇంకెవరికైనా రొమ్ము క్యాన్సర్ గానీ అండాశయ క్యాన్సర్ గానీ వచ్చిందా అన్నదీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. నాన్న వైపు కూడా లెక్కే, చాలామంది ఇది మరిచిపోతారు. మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే అవసరమో, అల్ట్రాసౌండ్ సరిపోతుందో, జన్యు పరీక్ష దాకా వెళ్లాలో వాళ్లు చెబుతారు. అక్క కూతురి విషయం కూడా అప్పుడే అడగండి. ఆ అమ్మాయికి ఇప్పుడే భయపడాల్సిన పని లేకపోవచ్చు, కానీ తన ఒంటిని తాను గమనించుకోవడం ఇప్పటి నుంచే తెలియాలి.

గమనించుకోవడమంటే ఏమిటో కూడా చెబుతాను, మీరు రేపు పదిమందికి చెప్పవలసినవారు కాబట్టి. రొమ్ములో గానీ చంకలో గానీ గడ్డ. ఆ గడ్డకు తరచుగా నొప్పి ఉండదు, మోసమంతా అక్కడే ఉంది. చర్మం సొట్ట పడటం, నారింజ తొక్కలా గరుకుగా మారడం. చనుమొన ఉన్నట్టుండి లోపలికి పోవడం, దాని నుంచి రక్తం చారలు. ఒక రొమ్ము ఆకారం కొత్తగా మారడం. ఇవన్నీ క్యాన్సరే అని కాదు. గడ్డల్లో ఎక్కువ భాగం మామూలు గడ్డలే. కానీ ఆ తీర్పు చెప్పవలసింది డాక్టరు, ఇంట్లో మనం చెప్పుకోకూడదు.

నా కాలేజీ స్నేహితురాలికి 2011లో ఇలాగే చిన్న గడ్డ కనిపించింది. వేరే పని మీద ఇంటికి వచ్చిన నర్సమ్మతో మాటల్లో చెప్పింది. ఆ తల్లి అప్పటికప్పుడు చూసి, మర్నాడే ఆసుపత్రికి వెంటబెట్టుకు వెళ్లింది. ఆపరేషన్ అయింది, మందులు అయ్యాయి. ఇప్పటికీ కార్తీక మాసంలో మా ఇద్దరిలో దుర్గమ్మ కొండ మెట్లు ముందుగా ఎక్కేది ఆవిడే. రొమ్ము క్యాన్సర్ అంటే చావే అనుకునేవాళ్లకు ఆవిడను చూపించాలనిపిస్తుంది నాకు.

ఇక పరుగు. ఈ జనవరికి 42 కిలోమీటర్లు వద్దు. నిర్మొహమాటంగా చెబుతున్నాను. విజయవాడ నుంచి గుంటూరుకు రోడ్డు మీద ఎంత దూరమో మీకు తెలుసు. ఆ దూరమంతా పరుగెత్తి వచ్చి, గుంటూరులో ఆగకుండా మళ్లీ ఓ ఏడెనిమిది కిలోమీటర్లు పరుగెత్తితే మారథాన్ అవుతుంది. అప్పటికే కొంత పరుగు అలవాటున్నవాళ్లే నాలుగైదు నెలలు దానికోసం ప్రత్యేకంగా సాధన చేస్తారు. పరుగే తెలియనివారు ఆరు నెలల్లో ఆ దూరానికి ఒంటిని తోస్తే మోకాళ్లో, పిక్కలో, పాదాల ఎముకలో మొరాయిస్తాయి. నవంబరులో కాలు పట్టేసి మంచం ఎక్కితే మీరు డబ్బు అడిగినవాళ్లందరి ముందు కుంగిపోతారు. ఆ కుంగుబాటు మీకు రాకూడదు.

ఈ 42 అంకె మీద ఎందుకంత పట్టు? 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరం దేవుడు గీసింది కాదు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటు ముందు ముగించాలని దారి గీశారు. ఆ దారి పొడవే 1921లో ప్రపంచమంతటికీ నియమమైంది. ఒక ఇంటి నుంచి ఒక ఆసనం దాకా ఉన్న దూరం అది. మీకూ ఒక దూరం ఉంది, మీ ఉత్తరంలోనే రాశారు. మీ ఊరి నుంచి పెద్దాసుపత్రికి 22 కిలోమీటర్లు. హాఫ్ మారథాన్ అంటే 21 కిలోమీటర్ల పైన 97 మీటర్లు. రెండింటికీ తేడా కిలోమీటరు కూడా లేదు.

ముంబై ఎందుకు తల్లీ? అక్క ఐదు వారాలు బస్సులో వచ్చిన ఆ దారినే పరుగెత్తండి. మీ ఊరిలో బయలుదేరి, పేరేచర్ల మీదుగా, నల్లపాడు దాటి, పెద్దాసుపత్రి గేటు దాకా. ముంబైలో వేలమందిలో మీరు ఒకరు. ఎందుకు పరుగెత్తుతున్నారో చొక్కా మీద రాసుకున్నా చదివే తీరిక ఎవరికీ ఉండదు. ఇక్కడ మీ అక్కను ఎరిగినవాళ్లు గుమ్మాల్లో నిలబడి చూస్తారు. ‘ఆ టీచరమ్మ ఎందుకు పరుగెత్తుతోంది’ అని ఒకరినొకరు అడుగుతారు. జవాబు చెప్పాలంటే ఆ పేరు అనక తప్పదు.

ఇలాంటి పరుగు మొదట పుట్టిందీ ఒక చెల్లెలి వల్లే. అమెరికాలో సూసన్ కోమెన్ అనే ఆమె 1980లో 36 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె చెల్లెలు నాన్సీ బ్రింకర్ రెండేళ్ల తర్వాత అక్క పేరుతో సంస్థ పెట్టింది. 1983లో డాలస్ నగరంలో మొదటి పరుగు జరిపింది. దాని దూరం ఐదు కిలోమీటర్లు, వచ్చినవాళ్లు ఎనిమిది వందల మంది. రొమ్ము క్యాన్సర్ కోసం ప్రపంచమంతా ఇప్పుడు జరిగే పరుగులు చాలావరకు ఆ దారిలో వచ్చినవే. మీ దారి 22 కిలోమీటర్లు, దానికి నాలుగు రెట్ల పైమాట.

ఎప్పుడు? అక్టోబరును రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసంగా పాటిస్తారు కానీ, మన దగ్గర అక్టోబరులో వానలు, వాయుగుండాలు, ఉక్క. ఫిబ్రవరి 4 ప్రపంచ క్యాన్సర్ దినం. దానికి దగ్గరలో వచ్చే ఆదివారం పెట్టుకోండి. తెల్లవారుజామున ఇంకా చలి ఉంటుంది. మిర్చి యార్డుకు సెలవు కాబట్టి మిర్చి బస్తాల లారీలూ పలచబడతాయి. మరీ వేగంగా పరుగెత్తనక్కర్లేదు. కిలోమీటరుకు ఎనిమిది నిమిషాల లెక్కన వెళ్లినా మూడు గంటల్లో ముగుస్తుంది. ఐదింటికి బయలుదేరితే ఎనిమిదింటికి ఆసుపత్రి గేటు.

సాధన గురించి నాకు తెలిసింది చెబుతాను. నేను యాభై దాటాక మొదలుపెట్టి విజయవాడలో కృష్ణ కరకట్ట మీద నేర్చుకున్నదాన్ని, శిక్షకురాలిని కాను. ముందు రక్తపోటు, చక్కెర, థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఈసీజీ చూపించుకోండి. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువంటే, ఆయాసం వస్తే పరుగు చేతకాదనుకుంటాం, రక్తం చాలడం లేదని తోచదు. తర్వాత వారానికి మూడు రోజులే పరుగు. మొదటి నెల ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా అరగంట. పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తండి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైందని గుర్తు. తేదీలు గుర్తు పెట్టుకోవడానికి నేను పండుగలు పెట్టుకుంటాను. వినాయక చవితికి రెండు కిలోమీటర్లు ఆగకుండా. దసరాకు ఐదు. ఆ ఐదు కిలోమీటర్ల రోజు మీకు కష్టంగా గడుస్తుంది, అక్క పోయిన రోజులు కదా. ఆ రోజు ఒక్కరే వెళ్లవద్దు, ఎవరినైనా వెంటబెట్టుకోండి. కార్తీక పౌర్ణమికి ఎనిమిది, ధనుర్మాసం వచ్చేసరికి పన్నెండు, సంక్రాంతికి పద్దెనిమిది. ఆ పైన పెంచవద్దు. చివరి రెండు వారాలు దూరం తగ్గించి కాళ్లకు విశ్రాంతి ఇవ్వండి. మధ్యలో ప్రతి నాలుగో వారం కూడా కాస్త తగ్గించండి. రెండు రోజులకు మించి ఒకే చోట నొప్పి నిలిస్తే ఆగి చూపించుకోవాలి. ఓర్చుకోవడం మనకు బాగా నేర్పారు, ఇక్కడ అది పనికిరాదు.

బూట్లు పాదం కంటే అర సైజు పెద్దవి తీసుకోండి, దూరం పెరిగేకొద్దీ పాదం ఉబ్బుతుంది. మంచి స్పోర్ట్స్ బ్రా కొనుక్కోండి. దీన్ని కూడా పేరు పెట్టి అడిగి, వేసుకుని చూసి, బిగువు సరిపోయిందో లేదో గెంతి చూసి కొనాలి. అది సరిగా లేకపోతే పది కిలోమీటర్ల తర్వాత చర్మం ఒరుసుకుపోయి స్నానం చేసేటప్పుడు మంట తెలుస్తుంది. పరుగుకు ముందు రెండు ఇడ్లీలో ఒక అరటిపండో చాలు. దారిలో ఇరవై నిమిషాలకోసారి కొంచెం ఓఆర్ఎస్ గానీ ఉప్పు వేసిన మజ్జిగ గానీ తాగండి. ఉత్త మంచినీళ్లు కడుపు నిండా తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి వస్తుంది, ఇది చాలామందికి తెలియదు.

రోడ్డు మాత్రం జాగ్రత్త. ఆ దారి లారీలది. ఒంటరిగా వద్దు. మీ వెనుక ఒక వాహనం, చీకట్లో మెరిసే జాకెట్లు, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడి అంచున పరుగు, పోలీసు స్టేషన్‌లో ముందుగా రాతపూర్వక అనుమతి, ఒక నర్సు గానీ డాక్టరు గానీ తోడు. ఇవి కుదరకపోతే పరుగు స్టేడియంలోనే పెట్టుకుని, ఆఖరి రెండు కిలోమీటర్లు అందరూ కలిసి ఆసుపత్రి దాకా నడవండి. అదీ తక్కువది కాదు.

తోటి టీచర్లు అన్న మాటకు జవాబు ఉంది. మీరు డబ్బు నేరుగా ఇచ్చేస్తే రసీదు ఒక్కటే మిగులుతుంది. ఆరు నెలలు స్టేడియంలో పరుగెత్తితే, ఎందుకని రోజుకు ఒక్కరైనా అడుగుతారు. వాళ్లలో ఒక్క ఆమె ఇంటికి వెళ్లి తడుముకుని చూసుకుని మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్తే చాలదా? అయితే ముంబై రైలు టిక్కెట్టు, బస ఖర్చు విషయంలో వాళ్లు అన్నది నిజమే. మీ ఖర్చు ఏదైనా మీ చేతి నుంచే పెట్టుకోండి, చందాలో నుంచి రూపాయి కూడా తీయవద్దు. గులాబీ చొక్కాలు, ఫ్లెక్సీలు కూడా వద్దు. వాటికి పెట్టే డబ్బుకు ఇంతకంటే మంచి చోటు ఉంది.

అత్తగారితో వాదించవద్దు. మీరు పరీక్షకు వెళ్లే రోజు ఆవిడనూ తీసుకువెళ్లండి. వయసు పెరిగేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది, ఆవిడ వయసువాళ్లే ఎక్కువ చూపించుకోవాలి. ముంబైలోని టాటా మెమోరియల్ వైద్యులు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ల పాటు లక్షన్నర మంది మహిళలను గమనించారు. శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు వాళ్లలో సగం మందిని రెండేళ్లకోసారి చేతితో పరీక్షించారు, పెద్ద యంత్రాలేవీ లేవు. పరీక్ష జరగని సగంతో పోలిస్తే, యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో మరణాల్లో అంత తేడా కనిపించలేదు. ఈ ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఈ సంగతి అత్తగారికి చెప్పండి. పరీక్ష గదిలో నుంచి బయటికి వచ్చాక ఆవిడ మీ పరుగు గురించి ఏమంటారో చూద్దాం. ‘మా వారు ఏమీ అనరు’ అని చెప్పుకునే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది. మీ ఉత్తరంలో మీ వారి ఊసే లేదు. ఆయనను ఆదివారాల్లో వెనుక బండి మీద రమ్మని అడగండి.

డబ్బు అడగడానికి నోరు రావడం లేదన్నారు. వినాయక చవితి చందాకు వచ్చే కుర్రాళ్లకు వస్తుంది, మనకు రాదు, ఎందుకంటే మనకోసం అడుగుతున్నట్టు అనిపిస్తుంది. పెళ్లిలో చదివింపులు గుర్తు చేసుకోండి. ఒకరు పుస్తకం పట్టుకుని కూర్చుంటారు, పేరు, ఊరు, మొత్తం రాస్తారు, ఎవరూ సిగ్గుపడరు. అలాంటి పుస్తకం ఒకటి పెట్టండి. మొత్తం అడగకుండా కిలోమీటరుకు ఇంత అని అడగండి. పది రూపాయలంటే 220. యాభై అంటే 1,100. యాభై చొప్పున 137 మంది రాస్తే లక్షన్నర దాటుతుంది. ఆ పుస్తకంలో మరొక గడి గీయండి. రాసిన ప్రతి ఆడమనిషినీ ‘మీరు చూపించుకున్నారా’ అని అడిగి, చూపించుకున్న తేదీ అక్కడ వేయండి. ఆ గడి నిండటం నాకు డబ్బు గడి కంటే ముఖ్యం.

లక్షన్నర అన్నాను, ఐదు లక్షలు వదిలేయమన్నట్టే. ఆ లక్షన్నర దేనికో వినండి. గుంటూరు సర్వజనాసుపత్రి ఆవరణలోనే నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది, ఆపరేషన్లకూ మందులకూ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకు బస్సు ఛార్జీ కూడా లేదు. ఇన్ని ఉన్నా మధ్యలో మానేసేవాళ్లు ఉంటారు. ఎందుకు? మీ బావగారిని అడగండి. కరెంటు పెట్టించుకోవడమంటే వారానికి ఐదు రోజులు, మూడు నుంచి ఐదు వారాలు. రోజూ తోడు ఒకరు రావాలి. తోడు వచ్చినవాళ్ల కూలి పోతుంది. వాంతులతో, నీరసంతో ఉన్న మనిషి కిక్కిరిసిన బస్సులో నిలబడలేదు, ఆటో కావాలి. మధ్యాహ్నం ఇద్దరికి భోజనం. బయట చేయించుకోవాల్సి వచ్చే పరీక్షలు. చేయి వాస్తే వేసుకునే బిగువు తొడుగు. రోజు కూలి 400 అనుకున్నా 25 రోజులకు పదివేలు. లక్షన్నర అంటే అలాంటి ఇళ్లు పదిహేను. ఈ లెక్క అందరికీ చెప్పండి. ‘క్యాన్సర్‌పై పోరాటానికి’ అంటే జేబులోకి చేయి వెళ్లదు. ‘ఐదు వారాలు కూలి పోయిన ఒక ఇంటికి’ అంటే వెళ్తుంది.

ఎవరి ద్వారా ఇవ్వాలన్నదే అసలు చిక్కు. ఇందులో నేను దెబ్బ తిన్నాను. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ మాటలు నమ్మి, కాలనీలో అరవై వేలు పోగుచేసి ఇచ్చాను. రసీదులు రాలేదు, ఎవరికి ఖర్చు పెట్టారో చెప్పలేదు. ఇచ్చినవాళ్లు నన్ను అడిగారు, నా దగ్గర జవాబు లేదు. కూరగాయల బజారుకు వెళ్లాలన్నా తల వంచుకున్న రోజులవి. మీకు ఆ గతి పట్టకూడదు. డబ్బు మీ సొంత ఖాతాలోకి రానివ్వవద్దు. నమోదైన ట్రస్టు ఖాతాకు ఇచ్చేవాళ్లే నేరుగా పంపేలా చూడండి. ఆ ట్రస్టుకు ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు, విరాళాలకు పన్ను మినహాయింపు అనుమతి ఉన్నాయా, గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు చూపిస్తుందా అని ముందే అడగండి. మొహమాటం వద్దు. మీరు పోగుచేసిన మొత్తం గుంటూరులో చికిత్స పొందుతున్న రొమ్ము క్యాన్సర్ రోగుల దారి ఖర్చులకే వాడతామని వాళ్ల లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. రోగులను ఎంపిక చేసే పని ఆసుపత్రి వైద్యులకు, అక్కడి సిబ్బందికి వదిలిపెట్టండి. మనకు తెలిసినవాళ్లకే పోతుందన్న మాట రాకూడదు. విరాళం మీద పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే వస్తుంది, నగదు రూపంలో రెండు వేలు దాటితే అదీ రాదు. ఈ సంగతి మీ స్టాఫ్ రూములో ముందే చెప్పండి.

అమెరికా డబ్బుకు ఒక మెలిక ఉంది. మీ పెదనాన్న పిల్లలు ఇంకా భారత పాస్‌పోర్టుతోనే ఉంటే, వాళ్ల సంపాదన నుంచి ఇచ్చేది మామూలు విరాళమే. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు ఉన్న సంస్థ మాత్రమే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో దానికోసం తెరిచిన ఖాతాలోనే తీసుకోగలదు. వాళ్లు ప్రేమతో మీ ఫోనుకు పంపేస్తామంటారు. వద్దనండి. ఏ పాస్‌పోర్టో అడిగి తెలుసుకున్న తర్వాతే ఏ సంస్థకు పంపాలో చెప్పండి.

ఇక బావగారి మాట. ఆయన వద్దన్నారు కాబట్టి ఫొటో పెట్టకండి. పేరు కూడా వద్దంటే వద్దు. మీకు ఆమె అక్క, ఆయనకు భార్య, ఆ పిల్లకు తల్లి. ఆ కథలో వాళ్ల వాటా మీకంటే ఎక్కువ. ‘మా అక్క కోసం’ అన్న మూడు ముక్కలు చాలు, అవి మీవి. సంబంధాల భయం గురించి మాత్రం ఆయనతో ఒకసారి నిదానంగా మాట్లాడండి, ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది. రొమ్ము క్యాన్సర్ అంటువ్యాధి కాదు. తల్లికి వస్తే కూతురికి వచ్చి తీరుతుందన్న నియమం లేదు. ముప్పు కొంత పెరుగుతుంది, అందుకు పరీక్షలు ఉన్నాయి. తల్లి జబ్బు సంగతి దాచి చేసిన పెళ్లిలో ఆ పిల్ల రేపు తన ఒంట్లో ఏదైనా తేడా కనిపిస్తే ఎవరికి చెప్పుకుంటుంది? ఆ మాట ఆయన నోటి నుంచే రానివ్వండి, మీరు తొందరపెట్టవద్దు. పరుగు రోజు ఆయన పేరేచర్ల దగ్గర నిలబడి మీకు మజ్జిగ అందిస్తే చాలు, మాటలు అక్కర్లేదు.

డాక్టరు దగ్గరికి ఏ తేదీన వెళ్తున్నారో నాకు రాయండి. ఉత్తరం ఈసారి చిన్నదైనా ఫర్వాలేదు. జబ్బు పేరు మాత్రం పూర్తిగా రాయండి.